రాహేలత్త బొగ్గు బొమ్మలు

రాహేలత్తకు అక్షరం ముక్క రాదు. గురజాల దగ్గర మా పల్లెలో కూలికి పోతూ, తలుపు మీద బొగ్గుతో బొమ్మలు గీసి పోయేది. నిలబెట్టిన కుండ గీస్తే ఇంట్లో గంజి ఉన్నట్టు. బోర్లించిన కుండయితే పక్కింట్లో తినమని. సగం మునిగిన పొద్దు, చీకటి పడేలోగా వస్తానని. నెత్తిన తట్ట ఉన్న మనిషి తనే. బడికి పోని కొడుకు పున్నయ్య వాటిని గడగడా చదివేవాడు.

నేను అక్కడి మిషను బడిలో పంతుల్ని. పూర్వం ఐగుప్తులో, అదే ఈజిప్టులో, ఫరో రాజుల కాలాన పక్షులనూ పాములనూ కళ్ళనూ గీసి రాజశాసనాలు రాసేవారని ఓ పుస్తకంలో చదివి, ఆమెకు చెప్పాను.

"అయితే ఫరో కూడా నాలాగా సదువు రానోడేనా పంతులూ!" అని పకపకా నవ్వింది.

పున్నయ్య పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. ఆమె నెలనెలా కాగితం మీద బొమ్మలు గీసిచ్చేది. నేను విలాసం రాసి టపాలో వేసేవాణ్ణి. రెండు చేరాయి. మూడోది, గుర్తులతో రాసిన జాబులు పంపరాదని సెన్సారువాళ్ళ ఎర్రసిరా ముద్రతో తిరిగొచ్చింది.

"ఏంది, కుండను చూసి జడుసుకున్నారా?"

"యుద్ధకాలం గదత్తా, రహస్య రాత అనుకుని ఉంటారు. ఇక నేను అక్షరాల్లో రాస్తాలే. అక్కడ ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు."

"నేనే సెప్పానని వాడికెట్టా తెలుస్తది?"

"నీ పేరు పెడతాగా."

"నా పేరు ఎవురన్నా రాయొచ్చు."

నేను వినిపించుకోలేదు. 'అమ్మ క్షేమం' అంటూ వరసగా మూడు జాబులు రాశాను.

నలభై నాలుగు వేసవిలో, తోటి సిపాయి చేత రాయించిన జవాబు వచ్చింది. "పంతులుగారూ, బొమ్మ లేకుండా మూడు జాబులు వచ్చినవి. మా అమ్మ ఎప్పుడు పోయినది? దాచవద్దు. సమాధి మీద సిలువ పెట్టించినారా?"

చదవడం పూర్తయ్యేసరికి ఆమె పొయ్యి దగ్గరకు పోయి, అరచేతికి మసి పూసుకొచ్చి కాగితం మీద అద్దింది.

"ఇది బొమ్మ గాదుగా. పంపు."

ఆ రోజే పంపాను. పన్నెండో నాడు తంతి వచ్చింది. పున్నయ్య చనిపోయిన తేదీ, మేము ఆ కాగితం టపాలో వేసిన మర్నాడే.

ఆమె ఏడవలేదు. "నేను సచ్చాననే ఏడ్సి ఏడ్సి పోయాడు నా బిడ్డ" అంది. "ఇప్పుడు వాడికోసం నేనేడవాలంటే సిగ్గుగా ఉంది పంతులూ."

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది.