లంగాగుడ్డ రెక్కలు

మొన్న మా కోడలు గ్యాస్ సిలిండర్ కింద పెట్టడానికి నాలుగు చక్రాల పీట ఒకటి తెప్పించింది. అది గచ్చు మీద గరగరమని దొర్లుతుంటే నాకు వంటిల్లు కనిపించలేదు, ఎనిమిది మంది మొగవాళ్లం చక్రాల పలకల మీద బోర్లా పడుకుని, చేతులతో నేలను తోసుకుంటూ ఒకరి వైపు ఒకరం దొర్లిన రేకుల షెడ్డు కనిపించింది.

సైన్యంలో నేను విమానం నుంచి దూకే జట్టులో ఉండేవాణ్ని. పారాచూట్ తెరవకముందే ఎనిమిది మందిమి గాలిలో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని పువ్వులా కూడాలి. పైన దొరికే వ్యవధి నిమిషం కూడా ఉండదు కాబట్టి ఎవరు ముందు, ఎవరు ఏ సందులోకి రావాలన్నది నేల మీద ఆ పలకలపైనే నేర్చుకునేవాళ్లం. మోచేతులు కొట్టుకుపోయేవి, నవ్వు మాత్రం ఆగేది కాదు.

మా జట్టు పెద్దను ఉస్తాద్ అనేవాళ్లం. నేర్పడంలో ఆయనకు వంక పెట్టలేను. ముందు ఎదుటివాళ్ల మట్టానికి రావాలి, ఆ తర్వాతే దగ్గరికి పోవాలి. పైనుంచి మీద పడకూడదు. అందుకోవాల్సిన చేతిని కాదు, ఎదుటివాడి కళ్లను చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లు నిండిన గ్లాసును పట్టుకున్నట్టు మెల్లగా పట్టుకోవాలి, ఒక్కడు గట్టిగా గుంజితే ఎనిమిది మందీ ఒరిగిపోతారు. రోజూ చెప్పేవాడు, తప్పితే తిట్టేవాడు.

నా కష్టమల్లా నా ఒళ్లు. బరువైనవాడు మిగతావాళ్లకన్నా వేగంగా పడతాడు, ఒకసారి కిందికి జారితే మళ్లీ పైకి రాలేడు. అందరికీ ఒకే తీరు సూట్లు ఇచ్చేవారు, నాకు అది ఒంటికి అతుక్కుని ఉండేది. వరుసగా మూడుసార్లు జట్టును దాటి కిందికి పోయాను. వెల్లకిలా తిరిగి చూస్తే పైన ఏడుగురు, మధ్యలో నా ఖాళీ. దిగాక అందరి ముందూ ఉస్తాద్ "క్యా పత్థర్, ఫిర్ నీచే?" అన్నాడు, ఏం బండరాయీ, మళ్లీ కిందికేనా అని. ఆ రోజు నుంచి జట్టులో నా పేరు పత్థర్. బరువైనవాణ్ని నడుమ పెట్టి, మిగిలినవాళ్లను వాడి వేగానికి రమ్మనాలని నేను దరఖాస్తు రాసి ఇచ్చాను. నడుమ స్థానం ఉస్తాద్‌ది. ఆ దరఖాస్తుకు జవాబు ఇవాళ్టి దాకా రాలేదు. సెలవు మీద ఇంటికి పోయి రమ్మనీ, వచ్చాక రెండు దూకుళ్లు ఇస్తాననీ, రెండింటిలోనూ కూడకపోతే నా చోటు ఇంకొకరిదనీ మాత్రం చెప్పాడు.

సిరిసిల్లలో మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి లంగాగుడ్డ నేసేవాడు. నా సంగతంతా విని, రెండు గజాల ముక్కలు రెండు తీసుకుని నిచ్చెన ఎక్కాడు. ఒకటి ముద్దచుట్టి, ఇంకొకటి విప్పి, రెండూ ఒక్కసారే వదిలాడు. ముద్ద దభీమని పడింది. విప్పిన గుడ్డ ఊగుతూ, తీరికగా వచ్చి, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ నెత్తి మీద వాలింది.

"గుడ్డ గదే, బరువు గదే. విప్పితే గాలి పడ్తది బిడ్డా" అన్నాడు.

"విప్పింది చాలు గని జర దిగు. గీ లంగగుడ్డ తొడిగి మొగులు మీదికెల్లి దుంకిస్తవా పోరన్ని?" అన్నది అవ్వ, గుడ్డ తీసి భుజాన వేసుకుంటూ. అన్నదే గాని, మిషన్ ముందర కూర్చుని రెండు పొరలు వేసి, నేను వెంట తెచ్చుకున్న సూటుకు మణికట్టు నుంచి మోకాళ్ల దాకా రెక్కలు కుట్టింది కూడా అవ్వే. రంగు చూస్తే పక్కా లంగా రంగు, మందారపువ్వు ఎరుపు.

బాపు ధారాళంగా ఇచ్చాడు, అవ్వ ధారాళంగా కుట్టింది. మొదటి దూకుడులో జట్టంతా కింద పువ్వయి కూడితే, నేను పైన గాలిపటంలా వేలాడుతున్నాను. చేతులు ముడిచినా దిగను. ఇన్నాళ్లూ కిందికి పోయిన పత్థర్ ఈసారి పైన ఉండిపోయాడని అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గాని, మిగిలింది ఒక్కటే దూకుడు. ఆ మధ్యాహ్నం కత్తెర అడిగి తెచ్చుకుని, రెక్కలను నడుము దాకా తగ్గించాను.

రెండోసారి నేను ఆఖరివాణ్ని. దూరం నుంచే మట్టం కలిసింది. వేగం తగ్గించాలనుకుంటే చేతులు చాపితే చాలు, ఎర్రగుడ్డ నిండుగా ఉబ్బేది. ఎదురుగా ఏడుగురూ గాలిలో నిలబడ్డట్టున్నారు, అసలు పడుతున్నట్టే లేరు. ఉస్తాద్ పక్కనే నా సందు. ఆయన కళ్లను చూస్తూ మెల్లగా జరిగి, చెయ్యి చాచాను. ఆయన నా ఎడమ చేతి గుడ్డను పట్టుకున్నాడు. ఎనిమిది. ఎంతసేపో చెప్పలేను, ఆయన విడిపొమ్మని తల ఊపేదాకా నేను పళ్లికిలించి నవ్వుతూనే ఉన్నాను, నోట్లోకి గాలి పోయి బుగ్గలు కొట్టుకుంటున్నా.

దిగాక జట్టంతా నన్ను ఎత్తి తిప్పింది. ఉస్తాద్ పారాచూట్ మడుచుకుంటూ పక్కనుంచి పోయాడు. పత్థర్ అన్నది అందరి ముందు, కాదనాల్సింది కూడా అందరి ముందే కదా. నా చోటు నాకు దక్కింది, ఆ మాట మాత్రం దక్కలేదు.

తర్వాతి సెలవులో సూటు మళ్లీ ఇంటికి తెచ్చాను. రెక్కలు కత్తిరించినందుకు అవ్వ సాధించింది. బాపు నేతగాడి వేళ్లతో గుడ్డంతా తడిమి, ఎడమ చేతి దగ్గర ఆగాడు. అక్కడ నాలుగు వేళ్ల మేర పోగులు జరిగి, నేత వదులైపోయింది.

"ఎవడురా గింత గట్టిగ పట్టుకున్నడు? ఇడువనన్నట్టు పట్టుకున్నడు" అన్నాడు. సూది మొనతో పోగులు సర్దుతానని కూర్చున్నాడు. వద్దన్నాను.

ఇప్పుడు కింది నుంచి గాలి తోసి మనిషిని తేల్చే గాలిగదులు వచ్చాయి, విమానం ఎక్కకుండానే కూడడం నేర్చుకుంటారట. బరువును బట్టి సూటు కొలుస్తారట. మంచిదే, ఎవరినీ పత్థర్ అనే అవసరం ఉండదు. బాపు నడిపిన సాంచాలు పాత ఇనుముకు పోయాయి, నిచ్చెన ఎక్కి గుడ్డ వదిలి చూపేవాడు లేడు. సిలిండర్ పీట మీద బోర్లా పడుకుని చూద్దామనుకున్నాను గాని, కోడలు చూస్తుందని ఊరుకుని, పెట్టె తెరిచి ఆ సూటు తీశాను. ఎరుపు వెలిసింది. గ్లాసులా పట్టుకోమని మా అందరినీ తిట్టిన మనిషి నాలుగు వేళ్లూ ఎడమ చేతి మీద అట్లాగే ఉన్నాయి.