సామి కాని మాణిక్యం ఉస్తాద్

వంటింట్లో కోడలు కాకరకాయలు గీకుతున్నట్టుంది. ఆ పచ్చి చేదు వాసన వసారా దాకా వచ్చి ముక్కుకు తగలగానే చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను. ఇంట్లో అందరికీ ఆ వాసనంటే విసుగు. నాకు మాత్రం నవ్వొస్తుంది, ప్రాణం తేలికపడుతుంది. కాకరకాయ వాసనకు నవ్వే మనిషిని లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను! ఎందుకు నవ్వొస్తుందో చెప్పాలంటే మాణిక్యం ఉస్తాద్ గురించి చెప్పాలి. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్లలో ఇబ్రహీంపట్నంలో మిగిలింది నాలాంటి ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురే.

అవి నైజాం రాజ్యం ఆఖరి రోజులు. బస్సు ఆగేచోట ఉస్తాద్ కుట్టు దుకాణం ఉండేది. రావిర్యాలలో మా పొలం పండక, పెళ్లయిన కొత్తలో నేను ఆయన దగ్గర రెండో మిషన్ మీద పనికి కుదిరాను. పని నేర్పడంలో ఆయనంత మంచివాడు లేడు, నోటి దురుసులో ఆయనంత చెడ్డవాడూ లేడు. గుండీ కాజా కాస్త వంకరపోతే నా ఏడు తరాలను తిట్టేవాడు. గిరాకీలనూ వదిలేవాడు కాదు. కోటు బిగుతైందన్న పటేల్‌ను, పొట్ట నీది పెరిగితే తప్పు నా కత్తెరదా అని మొహం మీదే అడిగేశాడు. కోపమొచ్చినా భయమేసినా ఆయన చెయ్యి మిషన్ సొరుగులోకి పోయేది. అక్కడ దారపు ఉండల మధ్య బెల్లం ముక్క దాచుకునేవాడు.

అట్లాంటి మనిషికి చక్కెర జబ్బు పట్టుకుంది. కుడికాలి బొటనవేలి కింద ముల్లు గుచ్చుకుని పుండైంది, ఎన్ని పసర్లు పోసినా మానలేదు. పట్నం పోతే పెద్ద దవాఖానలో డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. పుండు మానకపోతే పాదం తీసేయాలి. కాలితో తొక్కే మిషన్ మీద బతికేవాడికి పాదం పోతే ఇంకేం మిగులుతుంది? ఇంట్లో నలుగురు పిల్లలు. రోజూ సూది వేసుకోమన్నాడు, తీపి మాని నోరు కట్టుకోమన్నాడు. దాంతోపాటు రోజూ పొద్దున కాసేపు కళ్లు మూసుకుని, ఊపిరిని గమనిస్తూ ఊరకే కూర్చోమన్నాడు. ఇది సూదికి బదులు కాదు, తోడు మాత్రమే అని గట్టిగా చెప్పాడట. నీ కోపమూ భయమూ చక్కెరను ఎగదోస్తున్నాయి, అవి సద్దుమణిగితే నీ చెయ్యి తీపి మీదికి పోకుండా ఉంటుంది అన్నాడట.

ఉస్తాద్ భార్య సత్తెమ్మక్క మందు సీసాలు చల్లగా ఉండాలని కొత్తకుండలో తడి ఇసుక మీద పెట్టి, పొద్దున్నే గాజు గొట్టపు సూదిని మరగబెట్టి తానే వేసేది. కూర్చోవడం మాత్రం ఇంట్లో పిల్లల గోలకు కుదరక, ఆయన దుకాణంలోనే బట్ట కత్తిరించే బల్ల ఎక్కి, రోడ్డుకు ఎదురుగా కూర్చునేవాడు. మొదట్లో ఆయన ధ్యానం చూడాలి! కళ్లు మూసుకునే, "బాలయ్యా, నీ కుట్టు లూజు వోతున్నది" అనేవాడు. నేను బట్టలో మొహం పెట్టుకుని నవ్వేవాణ్ణి. మెల్లగా ఆ గొణుగుడు తగ్గింది. కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తుందని ఒకసారి అడిగాను.

"ఏం గనవడ్తది? నా కోపమే గనవడ్తది," అన్నాడు. "జరసేపు సూస్తె అదే లేసి వోతది."

నాకప్పుడు అర్థం కాలేదు. ఒక మధ్యాహ్నం అర్థమైంది. నైజాం వైపు ఖాకీ దళం మనిషి ఒకడు తుపాకీతో వచ్చి, బట్ట తాను బల్ల మీద పడేసి, సాయంత్రానికి డ్రెస్సులు కుట్టి ఉంచమని పోయాడు. ఖాకీ కుట్టినవాణ్ణి వదిలిపెట్టబోమని అంతకుముందు రోజే, నైజాం మీద తిరగబడ్డ సంగం వాళ్లు కబురు పంపి ఉన్నారు. కుడితే సంగం వాళ్లు చంపుతారు, కుట్టకపోతే ఖాకీలు చంపుతారు.  ఉస్తాద్ చెయ్యి సొరుగు దాకా పోయింది. అక్కడ ఆగింది. తిరిగొచ్చి మోకాలి మీద పడింది. ఆయన కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"భయమైతున్నది బాలయ్యా. కానియ్యి. బెల్లం తింటె భయం వోదు, కాలు వోతది," అన్నాడు.

తర్వాత నిమ్మళంగా రెండు మిషన్ల తోలుపట్టాలూ తెంపి, మిషన్లు చెడ్డాయని ఆ బట్ట తానును తిప్పి పంపించాడు. మా అదృష్టం, ఆ దళం ఆ సాయంత్రమే హయత్‌నగర్ వైపు వెళ్లి మళ్లీ రాలేదు.

ఎదురు దుకాణాలవాళ్లు ఇదంతా చూశారు. ఇంకేముంది, కథ కాళ్లు తెచ్చుకుంది. మాణిక్యం కళ్లు మూసుకుంటే తుపాకులు వెనక్కి మళ్లుతాయని కందుకూరు దాకా పాకింది. ఊరంతా భయంతో చస్తున్న కాలమది, ఎవరో ఒకరు ధైర్యంగా కనిపిస్తే చాలు. కొడుకులు జైల్లో ఉన్న తల్లులు, అడవి పట్టినవాళ్ల భార్యలు పొద్దున్నే వచ్చి బల్ల ముందు కూర్చునేవారు. ఉత్త చేతులతో వస్తారా? బెల్లపన్నం, రొట్టె పొడిలో బెల్లం కలిపిన మలీద ముద్దలు విస్తరాకుల్లో పెట్టుకొచ్చేవారు. ఉస్తాద్ ఇప్పుడు వాళ్లకు సామి, ఆయన నోట పడితే తమవాళ్లు క్షేమంగా వస్తారని నమ్మకం. కన్నీళ్లతో పెట్టిన ప్రసాదాన్ని వద్దని ఎట్లా అంటాడు? ఒక్కొక్కరి ఆకులోంచి చిటికెడు తీసుకునేవాడు. చిటికెడే కదా అనుకున్నాడు. చిటికెలన్నీ కలిస్తే ఎంతవుతుందో కొలతలు తెలిసిన మనిషే చూసుకోలేదు. చక్కెర జబ్బు మనిషికి ఊరు ఊరంతా కలిసి భక్తితో తీపి తినిపిస్తోంది, చోద్యం కాకపోతే! పైగా సామికి సూదెందుకని కొందరి గుసగుస.

పుండు మళ్లీ చీము పట్టింది. వేలు నల్లబడుతోంది. దారులు బందై పట్నం నుంచి మందు రావడం లేదు, కుండలో ఒక్క సీసా మిగిలింది. ఆ పొద్దున సూది వేస్తూ కట్టు విప్పిన సత్తెమ్మక్క నేరుగా దుకాణానికి వచ్చి, నా ముందే మొగుణ్ణి కడిగేసింది.

"ఆళ్ల కొడుకులు రావాల్నని నీ కాలు ఇస్తవా? నా పిల్లలకు ఎవ్వలు బెట్టాలె బువ్వ?"

ఉస్తాద్ బల్లెక్కి ఎప్పటిలాగే కూర్చున్నాడు. ఆడవాళ్లు వచ్చారు, ఆకులు పరిచారు. ఆయన కళ్లు తెరిచి, కుడికాలు ముందుకు చాపి, అందరి ముందూ కట్టు విప్పాడు. ఆ వాసనకు ముందున్నవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మా, నేను సామిని గాను. శక్కర బీమారోన్ని. పానం నిలుపుకునేతందుకు గిట్ల కూసుంటున్న. కూసునుడు కూసునుడే, సూది సూదే. మీ తీపి తింటె గీ కాలు వోతది. జర మాఫ్ జెయ్యుండ్రి."

 సామి కాడని తెలిస్తే తిడతారేమోనని నాకు ఒకటే బెరుకు. ముందు వరసలో ఉన్న ఒక ముసలమ్మ, కొడుకు జైల్లో ఉన్నావిడ, లేచి తన మలీద ఆకు తీసేసుకుంది. "ముందుగాల జెప్పొద్దా కొడుకా," అని ఆ పుండు చూసి ఏడ్చింది. ఆమె తీశాక అందరూ ఆకులు తీశారు. మర్నాడు అదే ముసలమ్మ తన కంచె మీద కాసిన కాకరకాయలు కొంగులో మూటగట్టి తెచ్చింది. ఆమెను చూసి మిగతావాళ్లూ మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి దుకాణంలో బట్టలకంటే కాకరకాయలే ఎక్కువయ్యాయి. కూర, పులుసు, వేపుడు, మా ఇంట్లోనూ అదే! విచిత్రమేమిటంటే ఆడవాళ్లు రావడం మానలేదు. సామి లేకపోయినా వచ్చి, ఆయనతోపాటు కాసేపు కళ్లు మూసుకుని కూర్చుని పోయేవారు.

ఆఖరి సీసా అడుగుకు వచ్చేలోపే మిలిటరీ బండ్లు వచ్చాయి, పోలీసు చర్య జరిగింది, దారులు తెరుచుకున్నాయి. అందరూ నైజాం రాజ్యం పోయిందని సంబరపడుతుంటే సత్తెమ్మక్క మందు వస్తుందని సంబరపడింది. చలి మొదలయ్యాక ఉస్తాద్‌ను మళ్లీ పట్నం తీసుకుపోయాను. డాక్టరు మూత్రాన్ని నీలం మందులో కాచాడు. మొదటిసారి ఇటుక రంగుకు తిరిగినది ఈసారి లేత ఆకుపచ్చ దగ్గర ఆగింది, చక్కెర తగ్గిందన్నమాట. పుండు మానుతున్న వేలు నొక్కి చూసి, పాదం తీసే పని లేదన్నాడు. ఊరంతా దడిచే నోరున్న ఆ మనిషి దవాఖాన గోడ పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇంక సూది మానొచ్చా, కూర్చోవడం మానొచ్చా అని ఆయన ఆశగా అడిగితే, ఏది మానినా మళ్లీ నా కత్తి దగ్గరికే వస్తావని డాక్టరు నవ్వాడు.

ఆ తర్వాత ఉస్తాద్ చాలా ఏళ్లు మిషన్ తొక్కాడు. నోరు పూర్తిగా మంచిదైందని అబద్ధం చెప్పను, తిట్టు బయటికి వచ్చేముందు ఒక ఊపిరి ఆగేది, అంతే. నాకూ నలభై దాటాక ఇదే జబ్బు వచ్చింది. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు నేను భయపడలేదంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. భయాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం ఎట్లాగో నేను చూసి ఉన్నానని వాళ్లకేం తెలుసు. పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చుంటాను. లేచాక సూది వేసుకుంటాను. స్నానమయ్యాక పాదాలు వేళ్ల సందులతో సహా తడి లేకుండా తుడుచుకుంటాను. ఇన్నేళ్లయినా రెండు పాదాలూ ఉన్నాయి.