పక్కకు జరగరా, ఆమె కనపడట్లా

కక్ష మంచిది కాదంటారు. నాకు మాత్రం అదే అన్నం పెట్టింది. మలయాళంలో, కన్నడంలో, తమిళంలో నేను నేర్చుకున్న పనంతా ఒక మనిషి మీద కోపంతోనే నేర్చుకున్నా. ఆ మనిషిది నరసరావుపేట. బజార్లో ఆయనకో సినిమా హాలుండేది. పల్నాడంతటికీ సినిమాలు పంచే డిస్ట్రిబ్యూటరు కూడా ఆయనే. అందరూ హాలాయన అనేవాళ్లు. నేనూ అట్టాగే అంటా.

మా నాన్న పిడుగురాళ్లలో లారీ డ్రైవరు. సున్నపు బట్టీల దగ్గర లోడెత్తుకుని బెజవాడ దాకా, ఒక్కోసారి బెజవాడ దాటి అవతలికీ పోయేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లగా ఉండేవాడు. స్నానం చేసొస్తే గానీ వయసు తెలిసేది కాదు. నాకేమో నాటకాల పిచ్చి. మా పేట కుర్రాళ్ల సమాజంలో ఆడపిల్ల దొరక్క మొగపిల్లలకే చీరలు చుట్టేవాళ్లు. ఆ వేషం నేను కడతానన్నా. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. నాన్న మాత్రం, "దొంగతనం చేస్తానంటల్లేదుగా. కట్టనియ్యి," అన్నాడు.

ఎనభైల మొదట్లో ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభ ముందు మా నాటకం పెట్టించారు. మొగుణ్ణి చంపినోణ్ణి పంచాయితీలో నిలబెట్టి కడిగేసే ఇల్లాలి వేషం నాది. నాటకం అయ్యాక హాలాయన మనిషిని పంపి పిలిపించాడు.

"ఏమే, సినిమాల్లో చేస్తావా? నేనే తీస్తన్నా మద్రాసులో. రెండో హీరోయినువి నువ్వే," అన్నాడు.

ఏమే అన్నందుకు నాకేం అనిపించలా. మా ఊళ్లో పెద్దోళ్లంతా అట్టాగే పిలిచేవాళ్లు. అమ్మను వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కా.

షూటింగు బాగానే సాగింది. నాకొక పాట, ఒక కొట్లాట, గుండె పగిలేలా ఏడ్చే సీనొకటి తీశారు. ఒక సాయంత్రం ఆయన మనిషి మా గదికొచ్చాడు. "అయ్యగారు గెస్టుహౌసులో ఉన్నారు. కథ చెప్తారంట. అమ్మాయిని ఒక్కదాన్నే రమ్మన్నారు."

అమ్మ గడప దగ్గరకొచ్చి నిలబడింది. "కథ పగలు చెప్పమను. నేనూ వింటా. నాకూ కథలంటే ఇష్టమే."

మర్నాటి నుంచి సెట్లో నాకు కుర్చీ లేదు. పలకరించే దిక్కు లేదు. డబ్బింగుకు పిలుపు రాకపోతే నేనే వెళ్లా. తెర మీద నా పెదాలు కదులుతుంటే ఇంకో అమ్మాయి మైకు ముందు నిలబడి వాటికి మాటలు అతుకుతా ఉంది. హాలాయన అందరి ముందూ, "నీ గొంతు పనికిరాదే. ఏంది, ఎట్టా అని నువ్వు మొదలుపెడితే జనం లేచిపోతారు," అన్నాడు. ఆయనదీ నా యాసే. పొద్దున లేచిన కాణ్ణుంచి ఏంది, ఎట్టా అనే మనిషే ఆయనా.

సినిమా నరసరావుపేటలో ఆయన హాల్లోనే విడుదలైంది. నాన్న లారీ కడిగి, మా పేట వాళ్లందరినీ ఎక్కించుకుని తీసుకెళ్లాడు. ఇస్త్రీ చేయించిన చొక్కా తొడుక్కున్నాడు. నేల క్లాసులో వాళ్ల మధ్యే నేనూ కూర్చున్నా. ఇంటర్వెల్ దాకా నేను రాలా. తర్వాత నీళ్ల బిందె చంకనెత్తుకుని తెర మీద ఇటు నుంచి అటు నడిచా. అంతే. పాట లేదు, కొట్లాట లేదు, ఏడుపు లేదు. అన్నీ కోసేశారు. మా వాళ్లు ఆఖరి దాకా ఎదురుచూశారు. దీపాలు వెలిగాక పక్కింటి అత్త నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ వస్తావేమో అనుకున్నామే," అంది.

బయట వరండాలో హాలాయన ఊరి పెద్దలతో నిలబడి ఉన్నాడు. నాన్న చేతులు కట్టుకుని దగ్గరకెళ్లాడు. "అయ్యా, అమ్మాయి చానా చేసిందన్నారే..."

"నీ కూతుర్ని చూట్టానికి సినిమా ఎందుకురా? బట్టీల కాడికి పోతే ఊరికే కనపడిద్ది," అన్నాడాయన.

పెద్దలంతా నవ్వారు. వాళ్లతో పాటు నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వే నా కడుపులో పడింది. ఎదురు తిట్టినా, తల దించుకున్నా నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. తనను అన్నవాడికి కోపం రాకుండా తనే నవ్వి, మా నాన్న లారీ దగ్గరకు నడిచాడు. ఆ తర్వాత నాన్న ఏ సినిమా హాల్లోనూ అడుగుపెట్టలేదు. నేను ఆ లారీలో కూర్చునే అనుకున్నా, అదే వరండాలో, అదే పెద్దల ముందు ఆ మనిషికి నవ్వెట్టా ఉంటదో చూపించాలని.

తెలుగులో నాకు తలుపులు మూసుకుపోయాయి. ఆ సినిమాకు కెమెరా పట్టినాయన మలయాళీ. ఆ బిందె నడక తీసింది ఆయనే. వాళ్ల వైపు ఒక దర్శకుడికి నా సంగతి చెప్పి పంపించాడు. మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేదాన్ని. మొదటి రోజే నేను బోరున ఏడిస్తే ఆ దర్శకుడు, "ఏడవొద్దు. ఏడుపును ఆపుకో. చూసేవాళ్లు ఏడుస్తారు," అన్నాడు. ఆ ఒక్క మాట నా నటనంతా మార్చింది. కన్నడంలో నాటక కంపెనీల నుంచి వచ్చినోళ్ల మధ్య పడ్డా. నా ఉచ్చారణ విని నవ్వారు, నవ్వి కూర్చోబెట్టి నేర్పారు. నా గొంతే ఉంచారు. తమిళంలో ఒక్క అక్షరం జారినా ఇంకో టేకే. నాలిక అక్కడ సానదేలింది.

అవతలి వాళ్లంతా దేవుళ్లని చెప్పను. గెస్టుహౌసులు అన్ని భాషల్లోనూ ఉన్నాయి, వాటి గడపల్లో నిలబడి అమ్మ అన్ని భాషల్లోనూ పోట్లాడింది. కానీ అక్కడ ముందు "నీకేం వచ్చో చూపించు" అన్నారు. మన దగ్గర "రంగెంత, వెనకెవరు" అన్నారు. తెలుగుదాని నోట తెలుగు పలకనియ్యని చోటు నేను మన పరిశ్రమలోనే చూశా.

మలయాళంలో ఒక వేషానికి నాకు అవార్డు వచ్చింది. తెలుగు పేపర్లలో పల్నాటి ఆడపడుచని ఫొటో వేశారు. ఫొటో పడ్డ కొన్నాళ్లకే మద్రాసులో మా అద్దె ఇంటికి హాలాయన పండ్ల బుట్టతో వచ్చాడు.

"బాగున్నావా అమ్మా," అన్నాడు. ఏమే పోయి అమ్మా అయింది.

కొడుకును హీరోగా పెట్టి సినిమా తీస్తున్నాడంట. పల్నాటి కథ. ఊరి పెద్దల మీద తిరగబడే వదిన వేషం నాకు. వంటింట్లోంచి అమ్మ పొమ్మనమని సైగ చేస్తా ఉంది. నేను కాఫీ ఇచ్చా.

"చేస్తానండీ. నా గొంతే ఉండాలి, మన యాసలోనే. సినిమా ముందు మీ హాల్లో వెయ్యాలి. నేనూ వస్తా."

"అంతేనా అమ్మా!" అని పొంగిపోయాడు. ఆయన గేటు దాటగానే అమ్మ, "సిగ్గు లేదటే నీకు?" అంది. "ఉంది. అందుకే ఒప్పుకున్నా," అన్నా.

ఆ సినిమాలో నేను తప్పుడు పని ఒక్కటీ చెయ్యలా. వేళకు వెళ్లా. ఒక్క టేకు చెడగొట్టలా. ఊరికే నా పని నేను చేశా, అంతే. ఆ అబ్బాయి అరిస్తే నేను మెల్లగా మాట్లాడా. వాడు చేతులు ఊపి డైలాగు చెబుతుంటే నేను చేటలో బియ్యం ఏరుకుంటా ఒక్కసారి కళ్లెత్తా. డైరెక్టరు వాణ్ణి చూడటం మానేసి నన్నే చూడసాగాడు. అబ్బాయి చెడ్డోడు కాదు. నాలాగే వాడికీ ఎవరూ ఏమీ నేర్పలా. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "అక్కా, మీ పక్కన నిలబడితే నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియట్లా. ఈ సీను ఎట్టా చెయ్యాలో కాస్త చెప్పరా?" అన్నాడు.

"మీ నాన్నను అడుగు. తెర మీద ఎవరు పనికొస్తారో ఆయనకు బాగా తెలుసు," అన్నా.

వాడికి అర్థం కాలా. జాలిపడి ఉండాల్సిందని తర్వాత చానామంది అన్నారు. నేను పడలా. ఇవాళ అడిగినా పడను.

సినిమా విడుదల రోజు హాలు కిక్కిరిసింది. పిడుగురాళ్ల నుంచి లారీల మీద వచ్చారు జనం. నాన్న రాలా. బాల్కనీలో హాలాయన పక్కనే నాకు కుర్చీ వేశారు. పంచాయితీలో నేను పెద్దల్ని నిలదీసే సీను వచ్చింది. "ఏంది మీరు చెప్పే నాయం?" అని నా గొంతు హాల్లో మోగేసరికి ఈలలు మొదలైనయ్. సరిగ్గా అప్పుడే తెర మీద హీరో వచ్చి నాకు అడ్డంగా నిలబడ్డాడు. నేల క్లాసులోంచి ఎవరో లేచి గట్టిగా అరిచారు.

"ఒరేయ్, పక్కకు జరగరా! ఆమె కనపడట్లా!"

హాలంతా పగలబడి నవ్వింది. ఇక ఆ అబ్బాయి కనపడితే చాలు, ఏదో మూల నుంచి "జరగరా" అని కేక. నేను తెర చూడలా. పక్కనున్న మనిషిని చూశా. ఆయన ముందు పళ్లు కొరికాడు. చుట్టూ పెద్దలు నవ్వుతున్నారని చూసుకుని, తనూ కాస్త నవ్వాడు. నాకు కావలసింది అదే.

వరండాలో ఆయన చుట్టూ అదే పెద్దలు. "జనం నిన్ను నెత్తిన పెట్టుకున్నారమ్మా. తర్వాతి సినిమా కూడా మనమే..." అనబోయాడు.

"అబ్బాయి చానా చేశాడన్నారే, నాకెక్కడా కనపడలా?" అన్నా.

పెద్దలు ఈసారీ నవ్వారు. ఎవరు దొరికితే వాళ్ల మీద నవ్వటమే వాళ్లకు తెలిసిన పని.

తర్వాత ఆయన నా సీన్లు కోయించి మాచర్లకు, గురజాలకు ప్రింట్లు పంపాడు. జనం గొడవ చేస్తే హాళ్ల వాళ్లే పట్టుబట్టి మళ్లీ అతికించుకున్నారు. పోస్టర్ల మీద కొడుకు బొమ్మ చిన్నదై నా బొమ్మ పెద్దదయింది. ఆ అబ్బాయి మళ్లీ నటించలా. సిమెంటు కొట్టు పెట్టుకుని బాగానే స్థిరపడ్డాడు. నాన్నకు సంగతంతా చెబితే, అన్నం తింటా తల ఎత్తకుండా, "నేను ఎప్పుడో మర్చిపోయాగదమ్మా," అన్నాడు. అబద్ధం. మర్చిపోయినోడు హాలు గడప ఎందుకు తొక్కడు?

ఎనభైలు ముగిసే లోపే హాలాయనకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయిందని, నన్ను ఒకసారి చూడాలని సైగ చేస్తున్నాడని కబురు పంపించారు. మాచర్ల దగ్గర షూటింగుకు పోతున్నా ఆ రోజు. కారు నరసరావుపేటలో ఆయన ఇంటి ముందు నుంచే వెళ్లాలి. డ్రైవరుకు కబురు సంగతి తెలుసు. "ఆపమంటారా అమ్మా?" అని అడిగాడు.

"ఆపొద్దు," అన్నా.

నకరికల్లు దాకా పోయి అక్కడ ఆపించా. రోడ్డు పక్క బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. ఎర్రటి పచ్చడితో వేడివేడిగా తిన్నా. ఇంకో ప్లేటు చెప్పా. ఆ రోజు ఆకలి బాగా వేసింది.