చింతపండుతో తోమిన కాసు

నేను నాలుగో క్లాసు చదివే రోజుల్లో... మండపేటలో పెదనాన్న గారింటి వీధి అరుగు మీద, ఎండ ముదరకముందే, రెండు చేతులతో తెల్ల పంచె చాపి పట్టుకుని నిలబడేదాన్ని. పంచె నీడలో ఒక పాత గొడుగు గుడ్డ. ఆ నల్లటి గుడ్డ మీద ఒక బంగారు కాసు. ఎదురుగా బోర్లా పడుకుని, కెమెరాకి కన్ను ఆనించి పెదనాన్న.

"కదలకే అమ్మడూ... ఊపిరి బిగబట్టు."

ఫోటో తీసేది ఆయన. ఊపిరి నేనెందుకు బిగబట్టాలో ఇప్పటికీ అర్థం కాదు.

పెదనాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన దగ్గర మొత్తం ఏడు బంగారు నాణేలుండేవి. ఇంట్లో ఫ్రిజ్జు లేదు, బండి లేదు. ఆయన భార్య, మా దొడ్డమ్మ, దెప్పినప్పుడల్లా "ఇవి నిన్ను తిండి పెట్టమన్నాయా?" అనేవారు.

మిల్లుల ఊరు కదా... నాణేలకి ఆయన వేసే గ్రేడులు కూడా బియ్యం లెక్కే. అసలు అరగనిది 'నిండు గింజ'. కాస్త అరిగితే 'ముక్క'. ఇంకా అరిగితే 'నూక'. మీదున్న బొమ్మ కూడా తెలియకపోతే 'తవుడు'. ఒక్కో నాణేన్ని భూతద్దంతో అరగంట చూసి, నోటుబుక్కులో రాసేవారు.

ఏడింటిలో నిండు గింజ ఒక్కటే... ఇంగ్లండు రాజు తల ఉన్న సవరను కాసు. కొద్దిగా వాల్చి తిప్పితే దాని మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరిగేది. "ఆ వెలుగు ముద్ర గుద్దిన రోజున వచ్చింది. పోతే మళ్ళీ రాదు. గుడ్డ పెట్టి కూడా తుడవకూడదు" అని నాకు వందసార్లు చెప్పారు. వందసార్లూ తలూపాను.

తునిలో ఒక డాక్టరుగారికి కూడా ఇదే పిచ్చి. ఆయన దగ్గర పాత రాజుల కాలం నాటి మాడ ఒకటి ఉండేది... రేకులాంటి పల్చటి బంగారు నాణెం, మధ్యలో వరాహం ముద్ర. పెదనాన్న దాని కోసం ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. చివరికి మన కాసు ఫోటో చూశాక డాక్టరుగారు మెత్తబడ్డారు. ఆదివారం వస్తాను, మార్చుకుందాం అని ఉత్తరం రాశారు. పెదనాన్న ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు, స్కూలుకి కూడా.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం.

ఏటా ఆ కాసుని కలశం ముందు తమలపాకులో పెట్టి పూజ చేయడం దొడ్డమ్మకి ఆనవాయితీ. పొద్దున్నే పూజసామాను నా ముందు పెట్టి తోమమంది. రాగి చెంబులు, కుందులు, పంచపాత్ర... చింతపండు, ముగ్గుపిండి. కాసు పక్కనే పళ్ళెంలో ఉంది. కుందులే ఇంత మెరుస్తుంటే, అమ్మవారికి పెట్టే బంగారం మెరవకపోతే ఏం బాగుంటుంది అనిపించింది. దాన్నీ తోమేశాను. బాగా తోమాను.

హారతి అయ్యాక పెదనాన్న కాసుని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూశారు. వెలుగు తిరగలేదు. భూతద్దం తెచ్చుకున్నారు. చాలాసేపు చూశారు.

"దీన్ని ఎవరు తోమారు?"

నేను తలుపు వెనక ఉన్నాను. ఇంకాస్త వెనక్కి జరిగాను.

"నేనేనండి. అమ్మవారికి పెట్టేది కదా అని..." అంది దొడ్డమ్మ, నా వైపు చూడకుండా.

ఆ రోజూ మర్నాడూ ఆయన దొడ్డమ్మతో మాట్లాడలేదు. కంచం ముందు కూర్చోవడం, తినడం, లేవడం. రెండుపూటలా ఆ మౌనం చూస్తూ నేనూ తిన్నాను. పూర్ణంబూరెలు కూడా తిన్నాను. చెప్పేద్దామని నాలుగుసార్లు దగ్గరికి వెళ్ళి, "ఏంటమ్మడూ?" అంటే "ఏం లేదు" అని వచ్చేశాను.

ఆదివారం డాక్టరుగారు రానే వచ్చారు. ఆయన కాఫీ తాగేలోపే పెదనాన్న కాసు ముందు పెట్టి, "ఫోటోలో ఉన్నట్టు లేదండి. మా ఇంట్లో తోమేశారు. చూసుకోండి" అన్నారు. డాక్టరుగారు చూసి, "అయ్యయ్యో... ఎంత పని జరిగిందండీ!" అంటూ మాడని మళ్ళీ దూదిలో చుట్టి సంచీలో పెట్టుకున్నారు. మర్యాదగా భోజనం చేసి తుని బస్సెక్కారు.

బస్సు కదిలాక వీధిలోనే ఏడ్చేశాను. "దొడ్డమ్మ కాదు పెదనాన్నా... నేనే తోమాను."

"తెలుసు. గీతలన్నీ ఎడంచేతి వాటంగా ఉన్నాయి. మన ఇంట్లో ఎడంచెయ్యి నీ ఒక్కదానిదేగా."

"మరి దొడ్డమ్మతో ఎందుకు మాట్లాడలేదు?"

"నువ్వు చెప్తావేమోనని చూశాను" అన్నారు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండును అనిపించింది. ఇంటికి రాగానే "ఇదిగో, కాస్త మజ్జిగ ఇయ్యవే" అని దొడ్డమ్మని పిలిచారు. మాడ గురించి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడా కాసు నా దగ్గరే ఉంది, నోటుబుక్కుతో సహా. అందులో 'నిండు గింజ' కొట్టేసి 'తోమినది' అని ఉంది. ఎవరు తోమారో రాయలేదు. ఆ జాగా ఖాళీగా వదిలేశారు.

నిన్న ఫోనుతో ఫోటో తీశాను. రీలు లేదు, పంచె పట్టుకునే మనిషీ లేదు... క్షణంలో అయిపోయింది. నాణేల గ్రూపులో పెడితే ఒకాయన, "మేడమ్, ఆ గీతలు యాప్‌లో వేలితో రుద్దితే పోతాయండి" అని సలహా ఇచ్చారు. నిజమే, ఇప్పుడన్నీ పోతాయి.

నేను చెరపలేదు. నోటుబుక్కు తీసి, ఆ ఖాళీలో ఎడంచేత్తో నా పేరు రాశాను.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు తోమేసిన వస్తువు ఉండే ఉంటుంది... ఎవరు తోమారో కూడా చెప్పండి.