పెంటయ్య తాగిన భేది మందు

గద్వాలలో చీరలు నేసే పెంటయ్యకు కాళ్లు మొద్దుబారుతున్నాయని మొదట కనిపెట్టింది భార్య భాగ్యమ్మ. 1988 ఎండాకాలంలో ఓ పొద్దున గుంట మగ్గం ఊడుస్తుంటే, కాలితో తొక్కే చెక్క మీద నెత్తురు మరకలు కనిపించాయి. పైకి తేలిన మేకు అతని బొటనవేలిని చీల్చింది. అతనికి తెలియనే లేదు.

"ఏందయ్యా, గింత తెగితే నొప్పి లేదా?"

"తెల్వదే," అన్నాడు పెంటయ్య, తన పాదాన్ని ఎవరిదో అన్నట్టు చూస్తూ.

దవాఖానలో మూత్రాన్ని నీలి మందులో కలిపి కాచారు. అది ఇటుక రంగుకు తిరిగింది. షుగరన్నారు, మాత్రలు రాసిచ్చారు. బతికినన్నాళ్లూ వేసుకోవాలన్న మాట అతనికి మింగుడుపడలేదు. చుట్టాలెవరో చెబితే వనపర్తిలోని ఆయుర్వేద వైద్యుడు రామచంద్రయ్య దగ్గరికి వెళ్లాడు.

వైద్యుడు పది రోజులు అక్కడే ఉంచుకున్నాడు. ఐదు రోజులు పరగడుపునే మందు వేసి కాచిన నెయ్యి తాగించాడు. ఒంటికి నూనె రాయించి ఆవిరి పట్టించాడు. తర్వాత భేది మందిస్తే సాయంత్రానికి పద్దెనిమిది విరేచనాలయ్యాయి. ఆపైన మూడు రోజులు గంజి, పెసరకట్టు. ఒళ్లు తేలికైంది. మళ్లీ పరీక్ష చేస్తే నీలి మందు ఇటుక రంగు దాకా పోకుండా లేత ఆకుపచ్చ దగ్గరే ఆగింది.

"అయ్యా, ఇగ రోగం పోయినట్టేనా?"

"పోలే పెంటయ్యా. మన ఒంట్ల కంటికి కనపడని కణాలుంటయి. నెత్తుర్ల చక్కెర ఎంతున్నా నీ కణాలు లోపలికి తీసుకుంటలేవు. కొవ్వు పేరుకుంటే ఇంకింత మొండికేస్తయి. పది దినాలు పథ్యమున్నవు, కడుపు శుద్ధి అయింది, గందుకే తగ్గింది. కణాల లోపట ఏం మారిందో నాకూ తెల్వదు. మాత్రలు మాత్రం ఇడువకు."

అందులో "తగ్గింది" అన్నదొక్కటే పెంటయ్య చెవికెక్కింది. ఇంటికొచ్చి మాత్రలు మానేశాడు. రోగం కడిగేసుకొచ్చానని వీధంతా చెప్పాడు. ఏడాది తిరక్కముందే మేకు చీల్చిన వేలికే పుండు లేచింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ బొటనవేలు తీసేశారు.

సంగతి విని రామచంద్రయ్య చూడ్డానికి వచ్చాడు. "ఇంకింత గట్టిగ చెప్పాల్సింది నీకు," అన్నాడు.

"మీరు చెప్పిన్రు. నేనే ఇనలే."

అప్పటినుంచి మాత్రలు తప్పలేదు, జొన్నరొట్టె తప్పలేదు. మగ్గం తొక్కడం మాత్రం ఆ కాళ్లతో కాలేదు. అన్నాళ్లూ చీర అంచు పక్కన కూర్చుని, పట్టుదారం చుట్టిన నాడెను అతనికి అందించిన భాగ్యమ్మ నేయడానికి మగ్గం గుంటలోకి దిగింది. ఆమె చోట పెంటయ్య కూర్చున్నాడు. ఎవరైనా చూస్తారని మొదట్లో తలుపు వేయించేవాడు. నెల తర్వాత ఆ మాట ఎత్తడం మానేశాడు. ఆమె నేత తన నేతకంటే బిగువుగా వస్తోందని అందరికంటే ముందు ఒప్పుకున్నదీ అతనే.