ఏసుదానం ఆపరేషను

బోధన్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలే ఏసుదానానికి పంతొమ్మిదో ఏట గవదబిళ్ళలు లేచాయి. చెంపల వాపు దిగిందో లేదో వృషణాలు వాచి, పది రోజులు నడవలేకపోయాడు. తర్వాత రెండూ చిక్కిపోయాయి. కుడివైపుది చిక్కుడు గింజంత అయింది. ఎవరికీ చెప్పలేదు. మరుసటేడు శారమ్మతో పెళ్ళయింది.

పన్నెండేళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. తల్లి బాలవ్వ కోడల్ని దెప్పని రోజు లేదు. శారమ్మ మందులు మింగింది, ఉపవాస ప్రార్థనలు చేసింది. ఏసుదానం నోరు విప్పలేదు. చర్చిలో సండే స్కూలు పిల్లలు పాడుతుంటే, తనకో బిడ్డ ఉంటే ఏ వరుసలో నిలబడేదో అని చూసుకునేవాడు.

1995 ఎండాకాలంలో కుడివైపు నొప్పి పట్టుకుంది. నిజామాబాద్‌లో సర్జన్ స్కానింగు, వీర్య పరీక్ష చేయించాడు.

"కుడిది ఎండిపోయింది. దాంట్ల చిన్న గడ్డ కనపడుతుంది. క్యాన్సరా కాదా అన్నది తీసి చూస్తెనే తెలుస్తది," అన్నాడు.

"తీస్తే ఇగ పిల్లలు కారా సారూ?"

"పరీక్షల వీర్యకణాలు ఒక్కటి గూడ లేవు. తీసినా తీయకున్నా ఆ ఆశ లేదు."

"మరి రెండోది?"

"అది ఉంచుదాం. చిన్నగున్నా మగ హార్మోను దాంట్లకెల్లే వస్తుంది. రెండూ తీస్తే బతికినన్నాళ్ళు సూదులు కావాలె, ఎముకలు బలం తప్పుతయి. ఉన్నదాన్ని ఏటేటా చూపించుకో. ముందుగాల మీ ఆమెను తీస్కరా."

ఇంటికి వచ్చేసరికి బాలవ్వ బియ్యం చెరుగుతోంది. శారమ్మ పక్కనే ఉంది.

"అవ్వా, శారమ్మను ఇగ ఏమనకు. లోపం నాది."

చేట ఆగిపోయింది. డాక్టరు చెప్పినదంతా చెప్పాడు.

"నీకెప్పటిసంది ఎరుక?" అని అడిగింది శారమ్మ.

"అనుమానం పెండ్లికి ముందుగాలనే ఉండె."

ఆమె లేచి లోపలికి పోయింది. రెండు రోజులు అతనికి అన్నం బాలవ్వే పెట్టింది. మూడో రోజు పొద్దున్నే బట్టలు సంచిలో సర్ది, "బస్సుకు టైమైతుంది, లే," అంది.

గజ్జ దగ్గర కోసి కుడిదాన్ని తీశారు. గడ్డ ముక్కను పరీక్షకు హైదరాబాద్ పంపారు. మూడు వారాలకు, క్యాన్సర్ కాదని కాగితం వచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏసుదానం ఏడ్చాడు.

"మంచిగనే వచ్చింది గద," అంది శారమ్మ.

"ఎండిపోయిందైనా లోపట ఉన్నన్ని రోజులు ఏదో ఆశ ఉండె."

ఆమె అతని పక్కన కూర్చుంది. "నాకు ఆడపిల్ల కావాలని ఉండె. పేరు గూడ అనుకున్న."

"ఏం పేరు?"

"రూతు."

ఆ పేరు ఆమె నోట అతను ఎన్నడూ వినలేదు. బస్టాండుకు మెల్లగా నడుస్తూ ఇద్దరూ ఆ పిల్ల గురించే మాట్లాడుకున్నారు. ఎవరి పోలిక వచ్చేదో, ఇప్పటికి ఏ తరగతి చదివేదో.