చిక్కం కట్టిన పొట్టేలు

1954వ సంవత్సరం. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులు. ఆదోని దగ్గర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నేను రీసెర్చ్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గానీ పనంతా మట్టితోనే. చేల నుంచి మట్టి తెచ్చి జల్లించడం, కుండీల్లో నింపి విత్తడం, మొక్కకు ఏ తెగులు వచ్చిందో, ఎందుకు వచ్చిందో తేల్చడం. కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, నోటి దురుసు కొంచెం ఎక్కువ. ప్రశ్నకు సరైన జవాబు దొరికితే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోతుందని గట్టిగా నమ్మే వయసు.

ఆ ఏడు శ్రావణంలో ఎమ్మిగనూరు దారిలో ఉన్న ఒక పల్లె నుంచి ఓబుళమ్మ అనే రైతు నెత్తిన గంపతో వచ్చింది. భర్త పోయాక అత్తను పెట్టుకుని, ఉన్న ఒక్క చేనును తనే సేద్యం చేసుకుంటోంది. గంపలో మట్టిపెళ్ళతో సహా తవ్వి తెచ్చిన జొన్న మొక్క ఉంది. పంట నడుమెత్తు రావలసిన రోజుల్లో అది మోకాలెత్తు కూడా లేదు. వాన పడినా ఆకులు వాడి ముడుచుకున్నాయి. దాని మొదట్లో తెల్లటి చిన్న పూలతో సన్నని మొక్కలు గుంపుగా నిలబడి ఉన్నాయి.

అది జొన్నమల్లె. మా పుస్తకాల్లో స్ట్రైగా అంటారు. పైకి పచ్చగా, అమాయకంగా కనిపిస్తుంది గానీ దాని వేరు మట్టిలో జొన్న వేరును పట్టుకుని రసం పీల్చేస్తుంది. విత్తనం ముక్కుపొడి కంటే సన్నం. జొన్న వేరు పక్కకు వచ్చేదాకా మొలవకుండా ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉండగలదు. అందుకే ఒకసారి చేలో దిగిందంటే వదిలించుకోవడం కష్టం.

అదేం తెగులని ఓబుళమ్మ అడగలేదు. మల్లె సంగతి ఆమెకు తెలుసు. ఆమె అడగడానికి వచ్చింది మంద గురించి. ఏటా ఎండాకాలంలో హాలహర్వి వైపు నుంచి బీరప్ప అనే కురుబ కాపరి గొర్రెలను తోలుకుని వాళ్ళ ఊరికి వచ్చేవాడు. కోత అయిపోయిన చేలలో గొర్రెలు పగలు జొన్న మోళ్ళు మేస్తాయి, రాత్రి దడి లోపల పడుకుంటాయి. ఆ పెంటే చేనుకు ఎరువు. బదులుగా రైతులు అతనికి జొన్నలు కొలిచి ఇస్తారు. దీన్ని మంద నిలపడం అంటారు.

"మల్లె ఆ మందతోనే వచ్చినాదంట సారూ. ఇంగ బీరప్పను ఊర్లోకి రానిచ్చేది లేదని రెడ్డి సెప్పినాడు. నాకు ఎద్దుల్లేవు, పెంటదిబ్బ లేదు. మంద రాకుంటే నా సేనికి పిడికెడు ఎరువు పుట్టదు. మందతోనే వచ్చినాదా, కాదా, నువ్వు తేల్చి సెప్పు," అంది.

రెడ్డి అంటే ఆ ఊరి పెద్ద గోవిందరెడ్డి. మరుసటి వారం నేను ఊరికి వెళ్ళినప్పుడు ఆయనే దగ్గరుండి ఓబుళమ్మ చేను చూపించాడు. మల్లె చేనంతా సమంగా లేదు. పోయిన ఎండాకాలం దడి వేసి మంద నిలిపిన చోట్లలోనే, గీత గీసినట్టు నలుచదరంగా, ఒత్తుగా ఉంది. ఇంక చెప్పేదేముంది అన్నట్టు రెడ్డి నా వైపు చూశాడు.

నిజానికి ఆ రోజే అవునని చెప్పేయబోయాను. పెంటతో మల్లె వచ్చిందన్నది కళ్ళముందే కనిపిస్తోంది. గొర్రె మల్లెను మేస్తే దాని విత్తనం అరగకుండా పెంటలో పడుతుందని మేము చదువుకున్నదే. కానీ ఆ గొర్రెలు మల్లెను ఎక్కడ మేశాయన్నది ఈ చదరం చెప్పదు కదా. ఒక్క ఎండాకాలం మందను రానివ్వండి, పరీక్ష చేసి చెబుతానని రెడ్డిని అడిగాను. ఆయన మొండివాడే గానీ అన్యాయస్థుడు కాడు, సరేనన్నాడు.

ఎండలు ముదిరాక మంద వచ్చింది. ఊరి బయట గుట్ట కింద బీరప్పను మొదటిసారి చూశాను. భుజాన నల్లటి కంబళి, పక్కనే మెలి తిరిగిన కొమ్ముల పొట్టేలు. అది నడిస్తే మంద నడుస్తుంది, అది ఆగితే మంద ఆగుతుంది. నేనెవరో, ఎందుకొచ్చానో అతనికి అప్పటికే తెలుసు. నాతో మాట్లాడేటప్పుడు అతని చేయి పొట్టేలు మెడ మీద నుంచి కదల్లేదు.

"సామీ, ఈ ఊరొకటి పోతే పోనీలే అనుకుందామంటే, రోగం మంద అని పేరు పడితే ఏ ఊర్లో రానిస్తారు? ఈ కురిని యాడ నిలపల్ల, మేం ఏం తినల్ల?" అన్నాడు. కన్నడం కలిసిన తెలుగు అతనిది, గొర్రెను కురి అంటాడు.

నేను పెంట ఏరుకోవడానికి వచ్చినవాణ్ణి. ఊరి చేలలో ఇంకా మూతి పెట్టకముందే, గుట్ట మీదా పత్తి చేలలోనూ మేసి వచ్చిన గొర్రెల పెంట ఒక సంచిలో ఎత్తుకున్నాను. ఆ తర్వాత మంద ఎప్పటిలాగే ముందు గోవిందరెడ్డి చేలో దిగింది. ఊరి ఆచారం అది. ముందు రెడ్డి చేను, తర్వాత మిగతావాళ్ళవి, చిట్టచివర ఊరికి దూరంగా ఉన్న ఓబుళమ్మ చేను. రెడ్డి చేలో మోళ్ళు మేసి బయటికి వస్తున్న గొర్రెల పెంట రెండో సంచిలో ఎత్తుకున్నాను. పరీక్ష తేలేదాకా తర్వాతి చేలలో నిలపొద్దని బీరప్పకు చెప్పాను. అతను గొర్రెలను గుట్ట ఎక్కించాడు.

ముంగారు వానలకు, అంటే తొలకరికి, క్షేత్రంలో కుండీలు పెట్టాను. అన్నిటిలోనూ మల్లె ఎరగని ఎర్రమట్టి, ఒకే రకం జొన్న విత్తనం. కొన్నిటిలో మొదటి సంచి పెంట, కొన్నిటిలో రెండోది, కొన్నిటిలో ఏమీ కలపలేదు. ఏమీ కలపనివాటిని కంట్రోల్ అంటాం. తేడా వస్తే అది మట్టి వల్లనో నీళ్ళ వల్లనో కాదని చెప్పడానికి అవి సాక్షులు. రోజూ పొద్దున్నే వాటి చుట్టూ ప్రదక్షిణం చేసేవాణ్ణి. మా ఆఫీసరు చూసి, మొక్కు ఇంకా తీరలేదా అని వేళాకోళం ఆడేవాడు.

శ్రావణం వచ్చేసరికి తేలిపోయింది. కంట్రోల్ కుండీలు శుభ్రం. మంద ఊరికి మోసుకొచ్చిన పెంట కుండీలూ శుభ్రం. రెడ్డి చేలో మేశాక ఎత్తిన పెంట ఉన్న కుండీల్లో మాత్రం జొన్న మొదట్లో మల్లె తలలెత్తింది. ఆ ఎండాకాలం బీరప్ప మంద ఊరికి మల్లెను తేలేదు. ఊళ్ళో ఉన్నదాన్నే ఒక చేను నుంచి ఇంకో చేనుకు మోయబోయింది.

రెండు సంచుల పెంట కుండీలూ బండిలో వేసుకుని ఊరికి వెళ్ళాను. ఓబుళమ్మను కూడా పిలిపించి రెడ్డికి చూపించాను. ఆయన కుండీలను అటూ ఇటూ తిప్పి చూసి, "నా సేన్లో మల్లె యాడుందప్పా? వచ్చి సూడు పంట ఎట్లుందో," అని ముందు నడిచాడు.

చూడముచ్చటైన చేను అది. జొన్న అప్పటికే గుండెలెత్తు పెరిగి నల్లగా నిగనిగలాడుతోంది. సాళ్ళ మధ్య వంగి, ఆకులు పక్కకు తీసి కింద చూశాం. మొదళ్ళ దగ్గర తెల్లటి పూలు. ఒక సాలులో చూసి, ఇంకో సాలులో చూశాం. అన్నిటా ఉన్నాయి. ఏటా మొదటి పెంట, ఎక్కువ పెంట పడే చేను కావడంతో నేలలో బలం ఉంది. మల్లె తాగేది తాగినా జొన్నకు ఇంకా మిగిలింది, అందుకే ఎవరి కంటా పడలేదు. ఓబుళమ్మ చేలో మిగలడానికి ఏమీ లేదు. అదే మల్లె అక్కడ పంటను చంపేసింది.

రెడ్డి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని చాలాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత ఇంటికి నడిచి అరుగు మీద కూర్చున్నాడు. నేను మాత్రం ఉత్సాహం పట్టలేక చేయవలసినవన్నీ ఏకరువు పెట్టాను. మల్లె పూత దాటకముందే పీకేయాలి. ఓబుళమ్మ ఈసారి పత్తి వేయాలి. పత్తి వేరును చూసి మల్లె మొలుస్తుంది గానీ దాన్ని పట్టుకుని బతకలేక చస్తుంది, ఇలాంటి ఎర పంటను ట్రాప్ క్రాప్ అంటాం. అన్నిటికంటే ముఖ్యం, మంద వరస తిరగబడాలి. శుభ్రమైన కడుపుతో వచ్చిన గొర్రెలు ముందు ఓబుళమ్మ చేలో దిగాలి, చివర రెడ్డి చేలో దిగాలి.

"నువ్వు సెప్పింది తప్పని నేననను. కానీ మా తాతలనాటి నుంచి మంద ముందర దిగేది మా సేన్లోనే. అది కడగొట్టుకు పోతే, రేపు పీర్ల సావిడి కాడ నన్ను సూసి నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు రెడ్డి మెల్లగా.

నాకు ఒళ్ళు మండింది. మీ మర్యాద కోసం ఆవిడ చేను ఎండబెట్టుకోవాలా అని మొహాన అడిగేశాను. రెడ్డి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. అరుగు కింద నిలబడ్డ ఓబుళమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. నేను బండెక్కి ఆదోని పోతాను, ఆ ఊళ్ళో ఉండాల్సింది ఆమె. దారి పొడవునా, పరీక్ష గెలిచి కేసు ఓడిపోయానని కుమిలిపోయాను.

మళ్ళీ ఎండాకాలం వచ్చాక గోవిందరెడ్డి నుంచి కబురు వచ్చింది, మంద వచ్చింది, ఒకసారి రమ్మని. వెళ్ళేసరికి ఊళ్ళోవాళ్ళు చాలామంది గుట్ట కింద చేరి ఉన్నారు. గొర్రెలన్నీ గుట్ట దగ్గరే ఆగి ఉన్నాయి. రెడ్డి బీరప్ప పొట్టేలు ఒక్కదాన్నే ముందుకు రప్పించి, కొమ్ములకు తన చేత్తో పసుపు పూశాడు. తర్వాత దాని మూతికి చిక్కం కట్టాడు. చిక్కం అంటే గుంటక తోలేటప్పుడు ఎద్దులు పైరు కొరక్కుండా మూతికి తగిలించే తాటి వల. ఎద్దు చిక్కం పొట్టేలుకు వదులై కళ్ళ దాకా జారింది. బీరప్ప దాన్ని పట్టుకుని రెడ్డి చేలోకి దించి, చుట్టూ ఒక్క తిరుగుడు తిప్పాడు. పొట్టేలు తల విదిలించుకుంటూ, కాలు నేలకేసి కొడుతూ నడిచింది. ఒక్క మోడు కొరకలేదు. ఎవరూ నవ్వలేదు, నేను కూడా.

"మంద మా సేన్లో దిగినట్టే. బీరప్పా, ఇంగ ఓబుళమ్మ సేన్లోకి తోలు. మాది ఆఖర్న," అన్నాడు రెడ్డి.

బీరప్ప చిక్కం ఊడదీసి కళ్ళకు అద్దుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా.

నేను ఇదంతా రిపోర్టులో రాస్తే మా ఆఫీసరు పొట్టేలు పేరా మొత్తం కొట్టేశాడు, శాస్త్రానికి సంబంధం లేదని. మిగతాది కరపత్రంగా అచ్చయింది. అది చదివి వచ్చిన రైతులు మాత్రం కుండీల గురించి కాదు, ఆ నోటా ఈ నోటా విన్న ఆ చిక్కం సంగతే అడిగేవారు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, ఎవరైనా చీడపట్టిన మొక్క తెస్తే ముందుగా ఆ పక్కన బాగా పండిన చేను చూపించమనేవాణ్ణి. రోగం అక్కడే కడుపు నిండా తిని దాక్కుని ఉండవచ్చు. ఇక, నిజం తేల్చి చెప్పినంతలో నా పని సగమేనని నాకు నేర్పింది నా మీద కోపంతో లోపలికి వెళ్ళిపోయిన గోవిందరెడ్డే.

ఆ సాయంత్రం మంద ఓబుళమ్మ చేలో దిగుతుంటే ఆమె తన అత్తను చెయ్యి పట్టుకుని గట్టు మీదికి నడిపించుకొచ్చింది. ముసలామెకు చూపు సరిగా ఆనదు. గొర్రెల అరుపులు వింటూ, గిట్టల దుమ్ము మీద పడుతున్నా కదలకుండా నిలబడింది.

"రెడ్డి సేన్లో అయిపోయినాదా?" అని అడిగింది.

"లేదత్తా," అంది ఓబుళమ్మ. "ముందర మన సేన్లోనే దిగతాండాయి."